రెండో పూస

పరీక్ష ప్లేటు ఇప్పుడు చీకట్లో ఉంది. మా ల్యాబులో నాతో పనిచేసే ఒడెట్ దాన్ని వెండిరంగు రేకులో చుట్టి, అద్దం అవతల బల్ల సొరుగులో పెట్టి, గంట మోగే చిన్న గడియారాన్ని తిప్పి, నా వైపు చూడకుండా గ్లోవ్స్ విప్పుకుంది. ఇంకో గంట. మందు పట్టడానికి అంత సేపు పడుతుంది, తొందరపెడితే పట్టదు. అద్దానికి ఇవతల, కోట్లు తగిలించుకునే ఈ ఇరుకు నడవలో, స్టూలు మీద నేను. లోపలికి వెళ్ళే తలుపు నా కార్డు చూపిస్తే తెరుచుకుంటుంది, పచ్చ దీపం వెలుగుతుంది, అడ్డుపడే మనిషి కూడా ఎవరూ లేరు. కానీ మా దగ్గర ఒక పద్ధతి ఉంది. లోపల పెరుగుతున్న కణాలు మన ఇంట్లోవాళ్ళవైనా, అవి ఎక్కవలసింది మన ఇంట్లోవాళ్ళకైనా, మనం ముట్టుకోకూడదు. చెయ్యి వణుకుతుందని కాదు, కన్ను మనకు కావలసింది చూస్తుందని. నా విషయంలో రెండూ కలిసొచ్చాయి. కణాలు మా ఆయనవి. ఎక్కవలసింది మా ఆడపడుచు ఎఫీకి.

మా ఆయన. ఈ మాట అనడం నాకింకా కొత్త. జూన్‌లో పెళ్ళయింది, ఇది ఆగస్టు, అయినా అనే ప్రతిసారీ నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నట్టుంటుంది. అవసరం లేనిచోట కూడా అంటాను. మొన్న కింద క్యాంటీన్‌లో శాండ్‌విచ్ చేసే అమ్మాయితో, మా ఆయనకి ఉల్లిపాయ పడదు, వెయ్యకు అన్నాను. శాండ్‌విచ్ నాకు. లాకీ అక్కడ లేనే లేడు. ఆ అమ్మాయి ఉల్లిపాయ తీసేసింది, నేను చప్పటి శాండ్‌విచ్ తింటూ గోడవైపు తిరిగి నవ్వుకున్నాను. ఇంట్లో రెండు టూత్‌బ్రష్‌లు ఒక గ్లాసులో ఒకదానికొకటి వీపు ఆనించి నిలబడి ఉంటాయి. స్నానం చేశాక అద్దం మీద ఆవిరిలో అతను గీసిన ముక్కు బొమ్మ తర్వాత నా స్నానంలో మళ్ళీ తేలుతుంది. పొద్దున బస్సులో వస్తూ ఆ ముక్కు గురించి ఆలోచించాను, నవ్వొచ్చింది, వెంటనే ఎఫీ గుర్తొచ్చి ఆ నవ్వు మీద నాకే కోపమొచ్చింది. ఈ రెండు నెలల్లో నా ముఖానికి ఇదే పని. ఒక పక్క వెలగడం, రెండో పక్క ఆర్పెయ్యడం.

ఎఫీ ఉంటే ఆర్పనివ్వదు. ఇదే ఆసుపత్రి ఆరో అంతస్తులో, ముక్కుకి గొట్టంతో, పసుపు తిరిగిన కళ్ళతో పడుకుని కూడా ఆర్పనివ్వదు. పోయిన ఆదివారం నేను గౌను తొడుక్కుని, మాస్కు కట్టుకుని, గంభీరంగా లోపలికి అడుగుపెడితే, మంచంలోంచి ఒక్క చూపు చూసి, "ఏంటమ్మాయ్, నా శవం చూడ్డానికొచ్చిన పాస్టరుగారి పెళ్ళాంలా ఉన్నావు. మా తమ్ముడితో కాపురం అంత నీరసంగా ఉందా?" అంది. లాకీ కుర్చీలోంచి, "ఆపుతావా" అన్నాడు. "నువ్వు నోర్ముయ్యి. నీ ఎముకల్లో గుజ్జు నాకెక్కించినప్పట్నుంచీ నాకు గిన్నెలు కడగబుద్ధి కావడంలేదు. నీ జబ్బే అది. హెట్టీ, చూసుకో, ఇక్కడ ఇద్దరున్నారు నీకు, గిన్నెలు నానబెట్టి వదిలేసేవాళ్ళు." తర్వాత దగ్గు వచ్చింది. దగ్గు తగ్గేదాకా ఇద్దరం చెరో చెయ్యి పట్టుకున్నాం. ఆమె చెయ్యి వేడిగా, తేలిగ్గా, ఎండబెట్టిన చేపలా ఉంది. కేప్ బ్రెటన్ దీవిలో, వాళ్ళ ఊరి కొండ దార్లలో, మంచు తుపాను రోజుల్లో, అంతమంది పిల్లల్ని వేసుకుని స్కూలు బస్సు నడిపిన చెయ్యి అది. వాళ్ళమ్మ పోయాక లాకీకి బూట్ల తాళ్ళు కట్టిన చెయ్యి.

వాళ్ళ ఊళ్ళో జరిగిన మా పెళ్ళిలో ఎఫీ డాన్సు చేసింది. చెయ్యకూడదు. ఆమెకి వైద్యం చేసే డాక్టర్ ఖట్టర్ ఒక గంట కూర్చుని వెళ్ళిపోవాలని చెప్పి పంపాడు. జనవరిలో లాకీ మూలుగ ఆమెకి ఎక్కించారు, రక్తంలో కాన్సర్ పోయింది, కొత్త రక్తం పుట్టింది, కానీ కొత్త రక్తానికి ఇంకా లోకం తెలీదు, పసిపిల్ల కింద లెక్క, జాగ్రత్త అన్నాడు. ఆవిడ మాస్కు పెట్టుకుని, తలకి ఎర్ర గుడ్డ చుట్టుకుని, హాల్లో గోడవారన బుద్ధిగానే కూర్చుంది. ఫిడేలు మొదలయ్యేదాకా. మొదలయ్యాక ఆ ఊళ్ళో ఎవరినీ కుర్చీలో కట్టెయ్యలేరు. వాళ్ళ ఊళ్ళో సగంమందికి ఒకే ఇంటిపేరు, అందుకని ఒక్కో కుటుంబానికి ఒక్కో మారుపేరు ఉంటుంది. వీళ్ళ తాతగారు సాండీ ఎప్పుడూ పొయ్యి పక్కనే కూర్చునేవాడట, అందుకని వీళ్ళు పొయ్యి సాండీ వాళ్ళు. ఎఫీ నా దగ్గరికి వచ్చి, రెండు చేతులూ పట్టుకుని తిప్పుతూ, "ఇవాళ్టినుంచి నువ్వు పొయ్యివాళ్ళ కోడలివి, పిల్లా. చలేస్తోందని అన్నావంటే మా పరువు పోతుంది" అంది. ఆ తిప్పడంలో నా మెళ్ళో పూసల దండ తెగింది. చెక్క నేల మీద తెల్ల పూసలు, బూట్ల మధ్య, కుర్చీల కింద. అందరూ వంగి ఏరుతున్నారు, ఫిడేలు ఆగలేదు. ఇప్పటికీ లాకీ కోటు జేబులోంచి ఒకటి, నా చెప్పులోంచి ఒకటి దొరుకుతూనే ఉంటాయి. ఏరడానికి వంగినవాళ్ళలో చిన్నపిల్లలు ఎక్కువ. వాళ్ళలో ఎంతమందికి ముక్కులు కారుతున్నాయో. ఒక పిల్ల, గులాబీరంగు గౌను, ఎఫీ ఒళ్ళోకెక్కి చెవిలో ఏదో చెప్పింది, ముక్కు ఆవిడ భుజానికి తుడిచింది. ఎఫీకి వైరస్ అంటించింది అదా? డాక్టర్ ఖట్టర్ అలా వెతకొద్దంటాడు. ఈ వైరస్ చిన్నప్పటినుంచీ ఒంట్లోనే మూల దాక్కుని ఉండి, కాపలా లేనప్పుడు లేచి ఉండొచ్చంటాడు. అడినోవైరస్. మామూలు పిల్లలకి జలుబు చేసి, కళ్ళు ఎర్రబడి, వారానికి పోయేది. ఎఫీకి ముందు పేగుల్లోకి, ఆనక కాలేయంలోకి వెళ్ళింది. ఉన్న ఒక్క మందూ ఆమె మూత్రపిండాలు తట్టుకోలేక ఆపేశారు. అయినా నేను ఆ గులాబీరంగు గౌనుని వెతుకుతూనే ఉంటాను. పెళ్ళి ఫొటోలు చూస్తూ లాకీ నవ్వుని చూడను, పిల్లల ముక్కులు చూస్తాను.

ఫిరంగి పేలింది. కొండ మీద కోటలో రోజూ మధ్యాహ్నం పన్నెండుకి పేలుతుంది, కిటికీ అద్దాలు ఒకసారి వణుకుతాయి, ఈ ఊరివాళ్ళం తలెత్తం. లాకీని నేను మొదటిసారి చూసింది ఆ చప్పుడులోనే. మా చల్లగది చెడిపోతే బాగుచెయ్యడానికి వచ్చాడు, వాళ్ళ ఊరినుంచి వచ్చి ఇంకా ఎన్నాళ్ళో కాలేదు, నిచ్చెన మీద ఉన్నాడు, ఫిరంగి పేలగానే చేతిలో స్క్రూడ్రైవరు నా కాళ్ళ దగ్గర పడింది. పాలిపోయిన ముఖంతో, "మీ ఊళ్ళో రోజూ యుద్ధమేనా?" అన్నాడు. "కాదు, భోజనం" అన్నాను. నిచ్చెన దిగి వచ్చి నాతోపాటు భోజనం చేశాడు. చల్లగది మర్నాడు కూడా చెడిపోయింది, ఆ మర్నాడు కూడా. అతను చెడగొట్టాడని నేనంటాను, అతను కాదంటాడు, ఎఫీ అయితే, "వాడికి చెడగొట్టడం కూడా సరిగ్గా రాదు, అది దానంతటదే పోయుంటుంది" అంటుంది.

ఒడెట్ లోపల ఖాళీ బల్లని తుడుస్తోంది. పొద్దుటినుంచీ మూడోసారో నాలుగోసారో. మామూలుగా అయితే ఈపాటికి మైకులో నన్ను ఆటపట్టిస్తూ ఉండేది. కొత్త పెళ్ళికూతురా, కళ్ళకింద ఆ నలుపేంటి, రాత్రి పుస్తకం చదివావా, అని. నిన్నటినుంచీ ఒక్క మాట లేదు. నిన్న భోజనాల గదికి ఒడెట్ వాళ్ళమ్మ చేసిన రాపీ తెచ్చింది, బంగాళాదుంపలు కోరి, నీళ్ళు పిండి, కోడిరసం పోసి జిగురుగా కాల్చేది, చూడ్డానికి గోడకి పూసే ముద్దలా ఉంటుంది, తింటే వదలరు. నాకు సగం పెట్టింది. మొన్నటి ప్లేటు సంగతి చెప్పుకుంటున్నాం. మొన్న లాకీ కణాల్ని పరీక్షించిన ప్లేటు, అందులో ప్రతి గుంటలో చుక్కలు, ఒకదాని మీద ఒకటి, లెక్కపెట్టే యంత్రం కూడా లెక్కపెట్టలేక వదిలేసింది. ఒక్కో చుక్క శత్రువుని గుర్తుపట్టి కేక వేసిన ఒక్కో కణం. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. అద్దం ఇవతల నేను కూడా. ఒడెట్ ఆ చుక్కల గురించే చెబుతూ, చెంచా నోటిదాకా తీసుకెళ్ళి ఆపేసింది.

"హెట్టీ, ఆ ప్లేటులో నేను ఏ సీసాలోంచి వేశాను?"

"వైరస్ ముక్క ఉన్న సీసాలోంచి."

"అసలుదా, మనం మార్చిందా?"

చెంచాలోంచి రాపీ జారి బల్ల మీద పడింది. ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం. నాకు చెప్పనక్కర్లేకపోయింది. పోయిన ఏడాది నుంచీ మా ఫ్రీజరులో పై అరలో ఉండేది మార్చిన ముక్కే. అసలు ముక్క సీసా వెనక అరలో ఎక్కడో మంచు పట్టి ఉంది. కణాలకి పాఠం చెప్పేటప్పుడు పై అరలోంచి తీశాం. పరీక్ష పెట్టేటప్పుడూ చెయ్యి పై అరలోకే పోయింది. పాఠంలో చెప్పిన లెక్కలే, ఒక్క అంకె మార్చకుండా, పరీక్షలో ఇచ్చి, క్లాసంతా నూటికి నూరు వచ్చిందని చప్పట్లు కొట్టుకున్నాం. ఒడెట్ ఒక్కతే కాదు. ఏ గుంటలో ఏది వెయ్యాలో గీసినవాళ్ళు, చూసినవాళ్ళు, సంతకం పెట్టినవాళ్ళు, అద్దం ఇవతల నేను. అంత బాగా వచ్చిన చుక్కల్ని ఎవరు ప్రశ్నిస్తారు. ఎక్కువ రానప్పుడే మనిషి వెనక్కి చూసుకుంటాడు.

లాకీకి ఈ మార్చిన ముక్క సంగతి నేనే చెప్పాను. రక్తం తీసేముందు, మా వంటింట్లో, బల్ల మీద. పెళ్ళి పూసలు తొమ్మిది వరసగా పెట్టాను. ఇదిగో ఇది వైరస్ ఒంట్లోంచి తుంచిన చిన్న ముక్క, పెప్టైడ్ అంటారు, తొమ్మిది పూసలు. జబ్బుపడ్డ కణం దీన్ని తన పైన చిన్న దోసిట్లో పెట్టుకుని, ఇదిగో నాలో దొంగ దూరాడు, చూడండి, అని చూపిస్తుంది. కాపలా తిరిగే టి-కణాలు వచ్చి ఆ దోసిట్లోకి చూస్తాయి, గుర్తుపడితే దొంగతోపాటు ఆ కణాన్ని కూడా చంపుతాయి. బాధేమిటంటే ఈ ముక్క దోసిట్లో సరిగ్గా కూర్చోదు, చూసేలోపే జారిపోతుంది, అందుకని కాపలావాళ్ళకి గట్టిగా నేర్పించలేం. అందుకని ఇదిగో, అని రెండో పూస తీసేసి దాని చోట బ్లూబెర్రీ పెట్టాను, బల్ల మీద గిన్నెలో అవే ఉన్నాయి. రెండో పూస అడుగువైపు ఉంటుంది, దోసిలిని పట్టుకునేది అదే. అది మారిస్తే ముక్క గట్టిగా కూర్చుంటుంది. పైకి కనబడే పూసలు మాత్రం అవే. టి-కణాలు తీరిగ్గా చూసి, నేర్చుకుని, పెరిగి, బలపడి, రేపు అసలు వైరస్ ఎదురైతే వదలవు. లాకీ చేతులు కట్టుకుని విన్నాడు. "అంటే నా కణాలకి చదువు చెబుతున్నారన్నమాట." "అవును." "నేను స్కూల్లో రెండుసార్లు తప్పానని వాటికి తెలియనివ్వకండి." అని బ్లూబెర్రీ తీసి నోట్లో వేసుకున్నాడు. మందు తినేశావు అని అరిచాను. "ఇంకోటి పెట్టు మరి." పెట్టాను, అదీ తిన్నాడు. గిన్నె ఖాళీ అయ్యేదాకా పెట్టాను. అంత సంతోషంగా, అంత నమ్మకంగా ఉన్నాను ఆ సాయంత్రం, అతని పళ్ళు నీలంగా ఉన్నాయి, నా వేళ్ళు నీలంగా ఉన్నాయి, కిటికీలోంచి నౌకాశ్రయం మీద పొగమంచు లేస్తోంది. చెప్పనిది ఒకటి ఉంది. చెప్పదలచుకోక కాదు, ఆ సాయంత్రం నాకే గుర్తు రాలేదు. రెండో పూస మారితే పైకి కనబడే పూసలు ఒక్కోసారి వెంట్రుకవాసి ఒరుగుతాయి. చాలామంది కణాలకి ఆ తేడా పట్టదు. కొందరి కణాలకి పడుతుంది. అవి ఒరిగిన ముఖాన్నే నేర్చుకుంటాయి, అసలు ముఖం ఎదురైతే పక్కనుంచి నడిచి వెళ్ళిపోతాయి. ఎవరి కణాలు ఎలాంటివో ముందు చెప్పే దారి లేదు. పరీక్షిస్తేనే తెలుస్తుంది. అదే చెయ్యలేదు మేం.

రక్తం తీసిన రోజు లాకీ రెండు చేతులకీ సూదులు పెట్టారు, ఒక చేతిలోంచి తీసి, యంత్రంలో తిప్పి, కావలసిన కణాలు ఆపుకుని, మిగతాది రెండో చేతిలోకి పంపుతారు, సాయంత్రందాకా మోచెయ్యి వంచకూడదు. ముక్కు దురద పెడుతోందన్నాడు. గోకాను. ఎడమవైపు కాదు, కుడివైపు. అక్కడ కాదు, కొంచెం పైన. నర్సు నవ్వి, కొత్తవాళ్ళా అంది, మా ఆయన అన్నాను, అడగకుండానే. ఇంత చిన్న చిన్న వాటికి అంత సంతోషం ఎక్కణ్ణుంచి వస్తుందో నాకు, ఆ పూట ముక్కు గోకడం కూడా నాకు పండగలా ఉంది. ఆ సంచి మీద పేరు రాయరు, అంకె ఒకటే. కానీ నాకు తెలుసు ఏ సంచో. రెండు వారాలుగా ఈ అద్దంలోంచి చూస్తున్నాను. వెచ్చటి పెట్టెలో గులాబీరంగు నీళ్ళలో లాకీ. ఎఫీ కోసం చదువుకుంటున్న లాకీ. ఒంటరిగా ఉన్నప్పుడు అద్దానికి నోరు దగ్గరగా పెట్టి, బాగా చదువుకోండి అని కూడా అన్నాను ఒకసారి, ఎవరూ వినలేదు కదా అని చుట్టూ చూసుకుని. బాగానే చదువుకున్నాయి. మేం చెప్పింది చెప్పినట్టు.

డాక్టర్ ఖట్టర్ నడవలోకి వచ్చాడు. పైనుంచి మెట్లు దిగి వచ్చినట్టున్నాడు, ఆయన లిఫ్టు ఎక్కడు, ఊపిరి అందడంలేదు. నేను లేవబోతే భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు. "తిన్నావా?" అన్నాడు. వాళ్ళ ఇంట్లో ఆ ప్రశ్న తర్వాతే ఏ మాటైనా మొదలవుతుందని ఒకసారి చెప్పాడు. తిన్నానన్నాను. అబద్ధమని ఆయనకి తెలుసు. ఇద్దరం అద్దంలోంచి సొరుగునే చూశాం.

"అసలు ముక్క గుంటల్లో చుక్కలు వస్తే మధ్యాహ్నమే ఎక్కిస్తాను. గదిలో అన్నీ సిద్ధంగా ఉన్నాయి."

"రాకపోతే?"

"రాకపోతే అవి ఎఫీకి ఏమీ చెయ్యవు. ఒంటి మీద మాత్రం పడొచ్చు, చర్మం మీద, పేగుల మీద. ఊరికే ఏదో ఒకటి ఎక్కించామన్న తృప్తి కోసం నేనా పని చెయ్యనమ్మా."

"మళ్ళీ మొదలుపెడితే? అసలు ముక్కతోనే."

"మొదలుపెడతాం. ఇవాళే మొదలుపెడతాం. రెండు వారాలు పడుతుంది, నీకు తెలీనిదేముంది." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ రెండు వారాలు ఎఫీ దగ్గర ఉన్నాయా అని నేను అడగలేదు. ఆయనకి పైనుంచి పిలుపొచ్చింది, వెళ్ళిపోయాడు, మెట్లమీదే.

వేరే ఊళ్ళలో అడిగారు, ఎవరి దగ్గరైనా ఈ వైరస్ కోసం తయారుచేసి దాచిన కణాలు ఎఫీకి సరిపడేవి ఉన్నాయా అని. లేవన్నారు. వీళ్ళ రక్తం రకం అరుదు. పొయ్యివాళ్ళ రక్తం పొయ్యివాళ్ళకే సరిపడుతుంది. లాకీకి పొద్దున ఇంట్లో, ఇవాళ ఇంకో పరీక్ష ఉందని మాత్రం చెప్పాను. ఏం పరీక్ష అంటే, మామూలుదే, మొన్నటిదే ఇంకోసారి అన్నాను. "పాస్ అవుతాంలే" అన్నాడు టోస్టు మీద మొలాసిస్, అదే నల్లటి చెరకు పాకం, పోసుకుంటూ. పోసుకోవడం కాదు, మొలాసిస్‌తో హె అని నా పేరులో మొదటి అక్షరం రాసి నా ప్లేటులో పెట్టాడు. నేను తిన్నాను. నా పేరు తియ్యగా ఉంది. ఆ క్షణంలో చెప్పొచ్చు. పొరపాటు జరిగింది, లాకీ, మొన్నటి చప్పట్లకి అర్థం లేకపోవచ్చు, అని. నోటినిండా టోస్టు ఉంది, అతను నవ్వుతున్నాడు, ఇంకో పూట ఉండనిద్దాం అనుకున్నాను. ఒక పూట అతని ముఖం అలా ఉంటే ఎవరికి నష్టం. ఇప్పుడు అతను పైన గౌను తొడుక్కుని అక్క పక్కన కూర్చుని ఉంటాడు, సంచి వస్తుందని తలుపు వైపు చూస్తూ ఉంటాడు.

గడియారం మోగింది. అద్దంలోంచి నాకు వినపడదు, ఒడెట్ భుజాలు కదలడం కనపడింది. రేకు విప్పింది. ప్లేటుని కడిగింది, తిప్పి గుడ్డ మీద తట్టింది, మళ్ళీ కడిగింది. ఒడెట్ చేతుల్ని నేను ఎప్పుడూ ఇంత శ్రద్ధగా చూడలేదు, పొట్టి వేళ్ళు, నీలం గ్లోవ్స్, ఒక్క బొట్టు కూడా పక్కన పడనివ్వదు. రంగు తెప్పించే మందు పోసింది. ఇంక క్షణాల్లో తెలుస్తుంది, నిమిషాల్లో తెలుస్తుంది. ప్లేటుని అద్దానికి దగ్గరగా, దీపం కింద పెట్టింది, నాకు కనబడేలా. ఒడెట్, నీకు నేనేమిస్తే రుణం తీరుతుంది. ఎడమవైపు వరస మార్చిన ముక్కది. మధ్య వరస అసలుది. కుడివైపు వరసలో ఏ ముక్కా వెయ్యలేదు, ఉత్త కణాలే, పోల్చి చూడ్డానికి. మూడూ తెల్లగా ఉన్నాయి. తర్వాత ఎడమవైపు వరసలో అడుగున ఏదో మురికిలా కదిలింది. మురికి కాదు. చుక్కలు. వానాకాలం మొదటి చినుకులు సిమెంటు మీద పడ్డట్టు, ఒకటి, రెండు, ఇంక లెక్కలేదు, ఊదారంగు, గుంట నిండిపోయింది. మొన్నట్లాగే. లాకీ కణాలు బ్రహ్మాండంగా ఉన్నాయి, ఎంత బలంగా ఉన్నాయో, ఎంత కోపంగా ఉన్నాయో, మేం ఫ్రీజరు పై అరలో పెట్టుకున్న ఆ ఒక్క సీసా మీద. మధ్య వరస తెల్లగా ఉంది. కొంచెం ఆలస్యంగా వస్తాయి. అసలు ముక్క జారిపోతుంది కదా, చూసేసరికి టైము పడుతుంది. నేను స్టూలు మీదనుంచి ఎప్పుడు లేచానో తెలీదు, నుదురు అద్దానికి తగిలింది, ఊపిరి అద్దం మీద మబ్బు కట్టింది, చేత్తో తుడిచాను, మళ్ళీ కట్టింది. రండి. ఒక్కటి రండి. మీకు ఎఫీ తెలుసు. ఆవిడ చేసిన ఓట్‌కేకులు తిని పెరిగారు మీరు. ఆవిడ కట్టిన బూట్ల తాళ్ళతో స్కూలుకి నడిచారు. అదుగో ఒక చుక్క, మధ్య వరసలో పై గుంటలో. అదుగో ఇంకోటి. కుడివైపు వరసలో కూడా ఒకటి వచ్చింది. రెండు. ఏ ముక్కా వెయ్యని గుంటల్లో ఎన్ని వచ్చాయో మధ్య గుంటల్లోనూ అన్నే. అంటే అవి ఎవరినీ గుర్తుపట్టినవి కావు, నిద్రలో మాట్లాడినవి.

ఇప్పుడు కడగాలి. కుళాయి తిప్పి ప్లేటు మీద నీళ్ళు పోస్తే రంగు ఆగిపోతుంది. ఈపాటికి కడిగెయ్యాలి. ఒడెట్ కడగలేదు. కుళాయి ఆమె మోచేతి పక్కనే ఉంది. నాకు ఈ ప్లేటు పని నేర్పింది ఆవిడే, టైము దాటిందని ఒకసారి నా ప్లేటు మొత్తం తీసి చెత్తలో పడేసింది కూడా ఆవిడే, ఇవాళ టైము దాటుతోంది, ఆవిడ ప్లేటు మీదకి వంగి నిలబడింది, ఇంకొంచెం, ఇంకొంచెం అన్నట్టు. ఇంకొంచెం ఉంచితే వస్తాయి. అది నాకూ తెలుసు. ఎక్కువసేపు ఉంచితే ఏ గుంటైనా నల్లబడుతుంది, కణాలు లేని గుంట కూడా. మధ్య వరస నల్లబడుతుంది, డాక్టర్ ఖట్టర్ కిందికి వస్తాడు, చూస్తాడు, ఆయనా మనిషే, సంచి పైకి వెళుతుంది, లాకీ తలుపు తీస్తాడు. ఒక్క మాట మాట్లాడకుండా ఊరుకుంటే చాలు నేను. మధ్య వరస అప్పుడే కొంచెం పొగ చూరినట్టయింది. కుడివైపుదీ అయింది. ఒడెట్ తల తిప్పి నన్ను చూసింది. మాస్కు పైన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆవిడ నన్నే అడుగుతోంది. నన్ను అడగకూడదు. పద్ధతి ఉన్నది అందుకే కదా. నన్ను ఇక్కడ కూర్చోబెట్టింది అందుకే కదా.

వేలి కణుపుతో అద్దం మీద తట్టాను.

"కడిగెయ్" అన్నాను. అద్దంలోంచి వినపడదు. ఆవిడ పెదవులు చదివింది. అయినా కదల్లేదు. మళ్ళీ తట్టాను, అరచేత్తో.

"కడిగెయ్, ఒడెట్."

కుళాయి తిరిగింది. నీళ్ళు ప్లేటు మీదుగా పారి, గుంటలన్నీ నిండి, పొర్లి, సింకులోకి పోయాయి. ఒడెట్ ప్లేటుని రెండు చేతులతో పట్టుకుని నీళ్ళ కింద అలాగే ఉంచింది, తియ్యలేదు, దాని అవసరం ఎప్పుడో తీరిపోయినా. నేను మళ్ళీ స్టూలు మీద కూర్చున్నాను. నీళ్ళు పారుతున్నాయి, చప్పుడు లేదు. నాకు ఏమీ అనిపించడంలేదు, కోటు కొక్కేలు ఎన్నున్నాయో చూస్తున్నాను, ఒకదానికి ఎవరిదో గొడుగు ఉంది. ఫోను జేబులో అదిరింది. లాకీ. తియ్యకూడదనుకున్నాను. తీశాను.

"హెట్టీ, విను, విను. ఎఫీ నన్ను తిట్టింది." అతని గొంతు నవ్వుతోంది. "పొద్దుటినుంచీ ఒక్క మాట లేదా, ఇప్పుడే కళ్ళు తెరిచింది, నన్ను పైనుంచి కిందిదాకా చూసింది, చూసి తిట్టింది."

"ఏమని?"

"గడ్డం గీసుకోమని. ఈ గడ్డంతో ఉంటే బస్సు ఎక్కనివ్వనంది."

"ఇంకా?"

"నర్సుని పిలిచి, వీణ్ణి బయటకి పంపు, ఇక్కడ జబ్బు మనుషులున్నారు అంది. నర్సు పడీ పడీ నవ్వింది."

"నువ్వేమన్నావు?"

"హెట్టీకి ఈ గడ్డమే ఇష్టమన్నాను. ఆ పిల్లకి కళ్ళజోడు కొనిపెట్టు అంది." లాకీ నవ్వాడు. నేను కూడా నవ్వాను, నిజంగానే, ఎఫీ అన్న తీరు నాకు వినపడింది. "గొంతు బాగుంది హెట్టీ. మొన్నటికంటే బాగుంది. నేను చెబుతున్నా కదా."

"ఆ తర్వాత?"

"తర్వాత ఏముంది, అలిసిపోయింది, పడుకుంది."

"ఏ పక్కకి తిరిగి పడుకుంది?"

"ఏంటి?"

"ఏ పక్కకి తిరిగి పడుకుంది, లాకీ. కిటికీ వైపా, నీ వైపా? దుప్పటి ఏది కప్పావు? చెప్పు, అన్నీ చెప్పు."

ఇంక సంచి రాదని మనిషికి అర్థమైనప్పుడు ఊపిరి ఎలా మారుతుందో ఫోనులో కూడా తెలుస్తుందని నాకు తెలీదు. పక్కన పడుకుని ఈ కొద్ది నెలలూ విన్న ఊపిరే అది, ఒకసారి లోపలికి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక, "నా వైపు" అన్నాడు. "నా వైపే తిరిగి పడుకుంది, హెట్టీ."